పొదిగే పెట్ట, పొదగని పెట్ట: తెలుగు పల్లెలో పెరటికోళ్ళ పెంపకం – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

మధ్యయుగపు తెలుగు శాసనాలలో ఆలయాలకు జరిగిన పశుదానాల వివరాలు పుష్కలంగా లభిస్తాయి. అఖండదీపానికి నెయ్యి సమకూర్చడం కోసం ఇన్ని ఆవులు, ఇన్ని గొర్రెలు అని దాతలు రాతిమీద చెక్కించారు. కోడికి ఆ గౌరవం దక్కలేదు. అది వెళ్ళినది పోలేరమ్మ, ఎల్లమ్మ, మైసమ్మల గద్దెల వద్దకు. అక్కడ మొక్కు చెల్లించినవారికి శాసనం వేయించే స్తోమత గాని, అవసరం గాని లేవు. ఒక ప్రాణి చరిత్రకు ఎక్కడమా, మానడమా అన్నది ఆ ప్రాణి గొప్పదనం కంటె దాని యజమాని స్థాయిమీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. కోడిపెట్ట యజమానులు ప్రధానంగా భూమిలేని కూలీలు, సన్నకారు రైతులు, దళితులు, ఆదివాసులు. ఆ ఇళ్ళలోనూ స్త్రీలు.

20వ శతాబ్దంలో ఈ జీవనోపాధిని అభివృద్ధి పరచాలని ప్రభుత్వాలు, శాస్త్రసంస్థలు పలు ప్రయత్నాలు చేశాయి. వాటి తొలి దశలన్నింటికీ గుడ్ల సంఖ్యే కొలమానమైంది. ఏడాదిలో కొన్ని నెలలు గుడ్లు మాని పొదుగుకు కూర్చునే పెట్ట, ఆ కొలమానంలో లోపభూయిష్టమైన పెట్టగా తేలింది. పేద కుటుంబానికి మాత్రం ఆ పొదిగే గుణమే అసలు ఆస్తి. తెలుగు ప్రాంతాలలో పెరటికోళ్ళ చరిత్రను ఈ వైరుధ్యం నుంచి చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

పుంజుకు కావ్యం, పెట్టకు సామెత

నేటి పెంపుడు కోడికి ప్రధాన మూలం ఎర్ర అడవికోడి అని, ఆగ్నేయాసియాలో అది మచ్చికయిందని జన్యుశాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అయితే కోడి చర్మానికి పసుపు రంగునిచ్చే జన్యువు భారత ద్వీపకల్పంలో నివసించే బూడిదరంగు అడవికోడి నుంచి సంక్రమించిందని 2008లో వెలువడిన పరిశోధన తెలిపింది. దక్కను అడవులకు ప్రపంచపు కోళ్ళతో ఇంతటి రక్తసంబంధం ఉండడం గమనార్హం.

ప్రాచీన గ్రంథాలలో కోడి ప్రస్తావన రెండు రకాలుగా కనిపిస్తుంది. అశోకుని ఐదవ స్తంభశాసనం, చంపకూడని జీవుల జాబితాతో పాటు, కోడిపుంజులకు వృషణాలు తీయరాదని ఆదేశించింది. మాంసం కోసం పుంజులను బలపరచే పద్ధతి అప్పటికే వాడుకలో ఉండేదని దీనివల్ల తెలుస్తున్నది. మనుస్మృతి ద్విజులకు నిషిద్ధమైన ఆహారాలలో ఊరకోడిని చేర్చింది. ఈ నిషేధపు ప్రభావం ఆహారానికే పరిమితం కాలేదు. కోళ్ళను పెంచే ఇల్లు, పెంచని ఇల్లు అనే భేదం గ్రామంలో కులభేదానికి ఒక గుర్తుగా నిలిచింది. పై కులాలవారు ముట్టని ప్రాణి కాబట్టే అది కింది కులాల చేతిలో మిగిలిందని కూడా చెప్పవచ్చు. భూమి, పశువులు, చెరువునీరు ఒక్కొక్కటిగా పెద్దల అధీనంలోకి వెళ్ళిన చోట, కోడి వెళ్ళలేదు.

తెలుగు సాహిత్యం పుంజును ఆదరించింది. 13వ శతాబ్దపు కేతన దశకుమారచరిత్రలో కోడిపందెం ఉంది. ఓరుగల్లు వీథులను కళ్ళకు కట్టించే క్రీడాభిరామంలో – కర్తృత్వం వల్లభరాయనిదా, శ్రీనాథునిదా అన్న వివాదం ఎలా ఉన్నా – కోడిపందెపు వర్ణన ప్రసిద్ధం. శ్రీనాథుని పేర నిలిచిన పలనాటి వీరచరిత్రలో బ్రహ్మనాయుడు, నాగమ్మల కోళ్ళపోరు ఒక రాజ్యపు తలరాతనే మార్చింది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో వెలువరించిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో ఇటువంటి ప్రస్తావనలను శ్రద్ధగా కూర్చాడు. పందెపు పుంజులను డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల, రసంగి అని ఈకల రంగును బట్టి విభజించి, వారాన్నిబట్టి, జామునుబట్టి జయాపజయాలు చెప్పే కుక్కుటశాస్త్రం ఒకటి పుట్టింది. పెట్టకు ఇందులో దేనిలోనూ చోటు లేదు.

పెట్ట దొరికేది సామెతలలో. "నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికెలా తెల్లవారుతుంది" అన్న ముసలమ్మ మాటను అహంకారానికి ఉదాహరణగా వాడడం పరిపాటి. చరిత్రకారునికి ఆ మాటలో వేరొక సాక్ష్యం కనబడుతుంది. ఒంటరి ముసలిదానికి ఆస్తి అని చెప్పుకోదగినవి రెండే: కోళ్ళు, నిప్పు ఆరని కుంపటి. ఊరు పొద్దున్నే ఆమె గుమ్మంలోకి నిప్పుకోసం వచ్చేది. ఆమెను చూసి నవ్వినవారి వద్ద ఏముండేదో సామెత చెప్పదు.

పెట్ట లెక్క

నాటుపెట్ట ఏడాదికి సుమారు 40 నుంచి 60 గుడ్లు పెడుతుంది. పారిశ్రామిక ఫారాలలోని గుడ్లకోడి 300కు పైబడి పెడుతుంది. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి నాటుకోడిని అసమర్థ ప్రాణిగా తీర్మానించడం అభివృద్ధి సాహిత్యంలో రివాజుగా మారింది. ఆ 50 గుడ్ల వెనుక ఉన్న ఏడాదిని చూడకుండా చేసిన తీర్మానమిది.

పెట్ట ఒక విడతకు 12 నుంచి 18 గుడ్లు పెట్టి ఆగుతుంది. అప్పుడు దాని ఒళ్ళు వేడెక్కుతుంది, ఈకలు ఉబ్బించుకుంటుంది, గంప వదలదు. ఇంటావిడ గుడ్లను ఎండకో దీపానికో అడ్డంపెట్టి చూసి, పనికిరానివాటిని వంటకు తీసి, మిగిలినవాటిని ఊకో గడ్డో పరచిన గంపలో పెట్ట కింద పొదగేస్తుంది. 21 రోజులు. ఆ పైన రెండు నెలలకు మించి పెట్ట పిల్లలను రెక్కల కింద కాచుకుంటుంది. ఏది తినాలో, గద్ద నీడ పడినప్పుడు ఎటు పరుగెత్తాలో నేర్పుతుంది. పిల్లలను తరిమివేసి మళ్ళీ గుడ్లకు వస్తుంది. ఈ చక్రం ఏడాదికి మూడు, అనుకూలిస్తే నాలుగు సార్లు తిరుగుతుంది. గుడ్లు పెట్టని రోజులు పనిలేని రోజులు కావు. ఫారంలో విద్యుత్తు, పొదుగుయంత్రం, వేడిదీపాలు, కూలివాడు కలిసి చేసే పనిని ఆ నెలలలో పెట్ట ఒంటరిగా చేస్తున్నది.

లెక్కను గుడ్లలో కాక పిల్లలలో వేస్తే చిత్రం మారుతుంది. ఉదాహరణకు మూడు పొదుగులలో పదేసి పిల్లలు దిగాయనుకుందాం. గద్దకు, కాకికి, ముంగిసకు, తెగుళ్ళకు సగానికి పైగా పోయి, ఒక్కొక్క పొదుగుకు నాలుగే నిలిచినా ఏడాది చివరకు డజను కోళ్ళు చేతిలో ఉంటాయి. వాటికైన మేత నూకలు, చిట్టు, తవుడు, కళ్ళంలో రాలిన గింజలు, పెంటకుప్పలోని పురుగులు. కొన్నది ఏదీ లేదు. మరుసటి ఏటికి కావలసిన పెట్ట కూడా ఆ డజనులోనే ఉంది.

ఈ ఆదాయం స్త్రీలది. పొలం, ఎడ్లు, పందెపు పుంజు మగవారి లెక్కలోకి వెళ్ళినా, పెట్టలను, గుడ్లను, సంతకు పోయే పడుచుకోళ్ళను గురించి నిర్ణయం సాధారణంగా ఇంటావిడ చేతిలో ఉండేది. ఉప్పుకు, కిరసనాయిలుకు, పిల్లల పలకకు, జ్వరం మందుకు, పుట్టింటి ప్రయాణానికి భర్తను అడగకుండా దొరికే డబ్బు అదే. పెట్టలేని ఇంటికి పొరుగింటి పెట్టను పాలుకు తెచ్చుకునే వీలుండేది. పెంచినవారు, ఇచ్చినవారు పిల్లలను పంచుకునేవారు. తన వాటాకు వచ్చిన పెట్టతో ఆ కుటుంబానికి స్వంత మంద మొదలయ్యేది. అప్పుపత్రం, వడ్డీ లేని ఈ ఏర్పాటు పెట్ట పొదగడం మీదనే ఆధారపడి ఉంది. పొదగని పెట్టను పాలుకు ఇవ్వడంలో అర్థం లేదు.

గోదావరి ఏజెన్సీ కొండలలోని కొండరెడ్లను గురించి హైమెన్‌డార్ఫ్ 1945లో ప్రచురించిన గ్రంథంలో, విత్తుల వేళ మొదలు రోగం వచ్చిన వేళ వరకు దేవతలకు అర్పించే ప్రధానమైన బలి కోడే. అక్కడ కోడి అమ్మకపు సరకు కంటె ముందు దేవతలతోను, చుట్టాలతోను సంబంధాన్ని నిలిపే వస్తువు. అమ్మకానికి పెంచలేదు కాబట్టి జీవనోపాధి కాదనడానికి వీలులేదు. కోడి లేనివాడు అప్పుచేసి కోడిని తేవలసిందే.

మకాం వచ్చిన అధికారి

ఎవరూ శిస్తు విధించని ఆస్తి కూడా లాగుకొనడానికి అందుతుంది. నిజాం పాలనలోని తెలంగాణలో దొరల గడీలకు, గ్రామానికి మకాం వచ్చిన అధికారులకు వెట్టి పద్ధతిలో సమకూర్చవలసిన వాటిలో కట్టెలు, పాలు, కుండలతో పాటు కోళ్ళు, గుడ్లు ఉండేవి. ఎద్దును పట్టుకుపోతే సేద్యం ఆగి శిస్తు పడిపోతుంది కనుక దానికొక అడ్డు ఉంది. కోడికి ఆ రక్షణ లేదు. పట్టుకుపోయినది పొదుగుమీది పెట్టయితే, పోయినది ఒక్క కోడి కాదు. గంపలోని గుడ్లన్నీ చల్లబడిపోతాయి. ఆంధ్రజనసంఘం, ఆ తరువాత ఆంధ్రమహాసభ వెట్టిని ప్రధానసమస్యగా తీసుకున్నప్పుడు పల్లెలలో అంతటి స్పందన రావడానికి కారణాలు భూసమస్యలో మాత్రమే వెతకడం చాలదు. ఇంటి గంపదాకా వచ్చిన చేయి ఒక కారణం.

మేలుజాతి రాక

వలస ప్రభుత్వం కోడిని అభివృద్ధి దృష్టితో చూడడం ఆలస్యంగా మొదలైంది. 1928లో నివేదిక సమర్పించిన రాయల్ వ్యవసాయ కమిషన్ కోళ్ళ పెంపకాన్ని గ్రామీణ పరిశ్రమల సందర్భంలో ప్రస్తావించింది. 1939లో ఇజ్జత్‌నగర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో కోళ్ళ పరిశోధనకు ప్రత్యేక విభాగం ఏర్పడింది. స్వాతంత్ర్యం తరువాత, రెండవ పంచవర్ష ప్రణాళికా కాలంలో, అఖిలభారత స్థాయిలో కోళ్ళ అభివృద్ధి కార్యక్రమం ప్రారంభమైంది. తెల్ల లెగ్‌హార్న్, రోడ్ ఐలండ్ రెడ్ జాతులను తెప్పించి, గ్రామాలలోని నాటుపుంజులను తీసుకుని మేలుజాతి పుంజులను ఇచ్చే పద్ధతిని అమలుచేశారు. 1960వ దశకంలో యూనిసెఫ్ తోడ్పాటుతో జరిగిన అనువర్తిత పోషకాహార కార్యక్రమం కూడా కోళ్ళ పెంపకాన్ని పల్లెలలో ప్రోత్సహించింది.

ఉద్దేశం మంచిదే. కాని లెగ్‌హార్న్ జాతిలో పొదిగే గుణం తరతరాల ఎంపికతో దాదాపు పోయింది. అది గుడ్లు విడవకుండా పెట్టడానికి కారణం కూడా అదే. ఆ పుంజుతో నాటుపెట్టను కలిపినప్పుడు పుట్టిన పెట్టలలో గుడ్లు పెరిగాయి, పొదుగు తగ్గింది. తెల్లని ఈకలు గద్దకు దూరంనుంచే కనబడేవి. చెత్తలో ఏరుకుతిని బతికే నేర్పు, చెట్టెక్కి పడుకునే అలవాటు నాటుజాతిలో ఉన్నంతగా వాటిలో లేవు. కొన్ని తరాలలో గ్రామాలు మళ్ళీ నాటుకోడికే మళ్ళాయి. దీనిని గ్రామీణుల అజ్ఞానంగా లెక్కకట్టడం కోడిగుడ్డుకు ఈకలు పీకడం వంటిది. ఆడవారు మంద నిలబడే దారిని ఎంచుకున్నారు.

కొక్కెర తెగులు, టీకా సీసా

పెరటికోళ్ళ ఆదాయాన్ని శతాబ్దంపాటు అన్నింటికంటె ఎక్కువగా దెబ్బతీసినది కొక్కెర తెగులు. 1926లో జావాలోను, ఇంగ్లండులోని న్యూకాసిల్‌లోను బయటపడిన ఈ వ్యాధి మరుసటి ఏడాది కుమావూఁ కొండలలోని రాణీఖేత్‌లో కనిపించి, భారతదేశంలో ఆ ఊరి పేరుతోనే స్థిరపడింది. వేసవిలో ఒక ఇంట మొదలైతే వారంపదిరోజులలో వాడంతా ఖాళీ అయ్యేది. మెడ తిరిగి, రెక్కలు వాలి, పచ్చగా పారి కోళ్ళు చనిపోవడం చూడని పల్లె ఉండదు. తెగులు సోకిందని తెలియగానే మిగిలినవాటిని చవకగా సంతకు తోలడం, అక్కడినుంచి అది వేరే ఊరికి చేరడం – ఈ తోవ అందరికీ తెలిసినదే, ఆపగలిగినవారే లేరు.

ముక్తేశ్వర్ పరిశోధనాలయంలో 1940వ దశకంలో టీకా సిద్ధమైంది. అది సమర్థమైన టీకా. అయినా దశాబ్దాల పాటు పెరటికోడికి సరిగా అందకపోవడానికి కారణాలు చిన్నవిగా కనిపించేవే. టీకామందును చల్లదనంలో ఉంచాలి. ఒక సీసాలో వందా అంతకు పైగా కోళ్ళకు సరిపడే మోతాదు ఉంటుంది, నీటితో కలిపిన తరువాత గంటా రెండుగంటలలో వాడెయ్యాలి. ఒక ఇంట ఉండేవి ఐదారు కోళ్ళు. తెల్లవారి గంప ఎత్తితే అవి మళ్ళీ చీకటిపడేదాకా చేతికి దొరకవు. అంటే టీకా వేయదగిన సమయం కోడికూతకు, గంప ఎత్తడానికి మధ్యనున్న కాసేపు. పశువైద్యశాల తలుపు తెరిచేసరికి ఆ సమయం దాటిపోతుంది. వాడలోని ఇళ్ళన్నీ కలిసి ఒకే ఉదయాన కోళ్ళను మూసి ఉంచి, ఊరిలోని ఒక స్త్రీ టీకా వేయడం నేర్చుకున్నచోట మాత్రమే ఈ చిక్కు విడిపోయింది. పశుసంవర్ధక చరిత్రలో కొత్త జాతుల సృష్టికి దక్కిన ప్రశంస ఈ పనికి దక్కలేదు. పేదల కోళ్ళను నిలిపినదాన్ని తూచవలసివస్తే తూకం టీకావైపే మొగ్గుతుంది.

పరిశ్రమ ఎదుగుదల

1971లో బండా వాసుదేవరావు హైదరాబాదులో వేంకటేశ్వర హేచరీస్‌ను స్థాపించడం, 1982లో ఆయన చొరవతోనే జాతీయ గుడ్ల సమన్వయ సమితి ఏర్పడడం దేశపు కోళ్ళ పరిశ్రమనే మార్చివేశాయి. దళారులు నిర్ణయించే ధరకు రైతులే ధర ప్రకటించే పద్ధతి ఎదురునిలిచింది. తణుకు, హైదరాబాదు పరిసరాలు, చిత్తూరు, వరంగల్లు గుడ్ల మార్కెట్లుగా ప్రసిద్ధి చెందాయి. పట్టణపు పేదకు కూడా గుడ్డు అందుబాటులోకి వచ్చింది. ఇది తక్కువ సాధన కాదు.

ఈ పరిశ్రమలో గుడ్డుకు, పొదుగుకు సంబంధం పూర్తిగా తెగిపోయింది. ఫారం గుడ్డు పుంజుతో కలవని పెట్ట పెట్టినది, ఎన్నడూ పిల్ల కానిది. పాలు తాగేవారు అటువంటి గుడ్డును తినడంలో అభ్యంతరం ఉండనక్కరలేదని గాంధీజీ 1942లో ఆరోగ్యంపై రాసిన రచనలోనే అన్నాడు. మనుస్మృతి నిషేధించిన ప్రాణి ఆ విధంగా పై కులాల వంటింటికి సైతం చేరే మార్గం ఏర్పడింది, పరిశ్రమ యాజమాన్యంలోకి భూమి, పెట్టుబడి ఉన్న వర్గాలు వచ్చాయి. కోడి కింది కులాల చేతిలో మిగలడానికి మూలమైన అడ్డుగోడ పడిపోయిన సందర్భమిది. పెరటికోడి మాత్రం గుడ్ల మార్కెట్టును ఫారానికి వదిలి, నాటుకోడి మాంసానికి, పండుగలకు, మొక్కులకు ఉన్న గిరాకీమీద నిలబడింది. బోనాలకు, దసరాకు, సంక్రాంతికి ఫారం కోడి ధరకు అనేక రెట్లు పలికే ఆ గిరాకీ నేటికీ తగ్గలేదు.

తిరిగి పెరట్లోకి

1988లో హైదరాబాదు రాజేంద్రనగర్‌లో ఏర్పడిన కోళ్ళ పరిశోధనా సంస్థ పాత పొరపాట్లను గుర్తించి పని మొదలుపెట్టిందని చెప్పడం న్యాయం. అక్కడ రూపొందిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు రంగురంగుల ఈకలు గలవి. పెరట్లో తిరిగి మేత ఏరుకోగలవు. నాటుకోడికంటె రెండింతలు, అంతకు మించి గుడ్లు పెడతాయి. రాజేంద్రనగర్‌లోనే పశువైద్య విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తయారుచేసిన రాజశ్రీ కూడా ఈ కోవలోనిదే. కేంద్రప్రభుత్వపు గ్రామీణ పెరటికోళ్ళ పథకంలో పేద కుటుంబానికి నాలుగు వారాల వయసు పిల్లలను విడతలవారీగా 45 ఇచ్చే ఏర్పాటు జరిగింది. గద్దకు, చలికి ఎక్కువగా పోయే తొలి నాలుగు వారాలను తల్లి యూనిట్లలో దాటించడం ఇందులోని మంచి ఆలోచన.

ఆ యూనిట్లకు తల్లి అన్న పేరు యాదృచ్ఛికం కాదు. పెట్ట చేసే పనిని అవి చేస్తున్నాయి. కొత్త రకాల పెట్టలు సాధారణంగా పొదుగుకు కూర్చోవు. రెండు మూడు ఏళ్ళలో మంద అయిపోగానే మళ్ళీ హేచరీ పిల్లలు కావాలి. పథకం నడిచినంతకాలం అవి వస్తాయి. ఆగితే కొనాలి. పాలుకు ఇచ్చిపుచ్చుకునే పద్ధతికి ఇక్కడ తావు లేదు. స్త్రీ పశువైద్యులు నెలకొల్పిన ఆంత్ర సంస్థ ఏజెన్సీ ప్రాంతపు ఆదివాసీ స్త్రీలతో కలిసి అసీలు కోళ్ళను వాటా పద్ధతిలోనే మళ్ళీ వ్యాప్తిచేయడానికి పూనుకున్నది ఇందుకే. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన అసీలు, కాళహస్తి, ఘాగస్ జాతులు నేడు దేశపు నమోదిత కోళ్ళజాతులలో ఉన్నాయి. అయితే అసీలు కీర్తి పందెపు బరిది, అక్కడి డబ్బు పుంజులను పెంచే మగవారిది. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం పందేలను నిషేధించినా ఆ డబ్బు తగ్గలేదు. పుంజుకు లక్ష పలికిన ఊరిలోనే దాని తల్లి పేరు ఎవరూ అడగరు.

2019 పశుగణన ప్రకారం దేశంలోని 85.18 కోట్ల కోళ్ళు తదితర పక్షులలో 31.70 కోట్లు పెరటివి. 2012లో అవి 21.74 కోట్లు. ఏడేళ్ళలో సుమారు 46 శాతం పెరుగుదల, పరిశ్రమ పెరుగుదలకంటె చాలా ఎక్కువ. పెరటికోడి కనుమరుగవుతున్నదన్న అభిప్రాయానికి ఈ అంకెలే జవాబు. ఆ 31.70 కోట్లలో పొదిగే పెట్టలెన్ని అని అడగడానికి గణన పట్టికలో గడి లేదు. 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మొదలైన బర్డ్‌ఫ్లూ నివారణ చర్యలలోనూ ఇటువంటి లోటే కనిపిస్తుంది: నిర్ణీత పరిధిలోని పెరటికోళ్ళను కూడా చంపి, తలకు ఇంత అని పరిహారం లెక్కించారు. పెట్టతో పాటు పోయిన పొదుగులకు వెల కట్టే పద్ధతి లేదు.

పల్లెలలో స్త్రీలు ఈలోగా తమదైన మార్గం ఒకటి కనిపెట్టుకున్నారు. పథకంలో వచ్చిన వనరాజా గుడ్లను ఇంట్లోని నాటుపెట్ట కింద పొదగేస్తారు. తరువాతి తరంలో ఆ గుణాలు నిలవవని శాస్త్రజ్ఞులు హెచ్చరించినా ఈ పని చాలాచోట్ల సాగుతున్నది. 21 రోజులకు పిల్లలు దిగుతాయి, నాటుపెట్ట వాటిని తన పిల్లలుగానే కాచుకుంటుంది. వాటిలోని పెట్టలు ఆరేడు నెలలకు గుడ్లకు వస్తాయి, గంపలో మాత్రం కూర్చోవు. మరుసటి పొదుగుకు మళ్ళీ ఆ నాటుపెట్టనే వెతుక్కోవాలి. ఇంట లేకపోతే పొరుగింట అడగాలి.